ఏ విద్య నభ్యసింపవలెను?

పదవ తరగతి పరీక్షలు ముగిసిన వేసవిలో ప్రతి యింటను ఒకే ప్రశ్న వినవచ్చును: "పిల్లవానిని ఏమి చదివింతురు?" బంధువులు వైద్యమందురు, ఇరుగుపొరుగువారు ఇంజనీరింగందురు, తల్లిదండ్రులు చేతనున్న ధనమును లెక్క చూచుకొందురు. ఇందరు మాటలాడిన పిమ్మటను ఎవరును అడుగని ప్రశ్న యొకటి మిగిలిపోవును. ఆ చదువు ముగిసిన తరువాత ప్రతిదినము చేయవలసిన పని యేది? ఆ పని చేయుటకు ఆ బాలునకు గాని, ఆ బాలికకు గాని మనసున్నదా? దీనికి సమాధానము తెలియకయే పెక్కుమంది కళాశాలలలో చేరుచున్నారు. రెండేండ్లు గడచిన తరువాత తమకా విద్య తగదని తెలిసికొన్నవారికి గడచిన కాలము తిరిగి రాదు. తల్లిదండ్రులు అప్పుచేసి కట్టిన రుసుమును తిరిగి రాదు. కావున ఈ విషయమును ముందుగానే ఆలోచించుట మేలు. ఎనిమిదవ తరగతి ఇందుకు తొందరపాటు కాదు, తగిన సమయమే.

కళాశాలలో నిర్ణీత కాలము చదివి ఉత్తీర్ణులైనవారికి విశ్వవిద్యాలయ మొసగు తొలి యోగ్యతకు పట్టమని పేరు. పట్టములన్నియు ఒకే విధమైనవి కావు. బి.ఏ., బి.కాం., బి.యస్సీ. చదువులకు సాధారణముగా మూడేండ్లును, ఆనర్సు పట్టమునకు నాలుగేండ్లును పట్టును. ఇంజనీరింగునకును, వ్యవసాయశాస్త్రమునకును నాలుగేండ్లు కావలెను. ఇంటర్మీడియట్ ముగించి న్యాయశాస్త్రము చదువగోరువారికి అయిదేండ్లు. వైద్యవిద్యకు నాలుగున్నర సంవత్సరముల చదువును, దానిపై ఒక సంవత్సరము ఆసుపత్రి శిక్షణయు కలవు. ఇన్ని మార్గములలో తనకు తగినదానిని ఎన్నుకొనుటకు విద్యార్థి నాలుగు ప్రశ్నలు వేసికొనవలెను. ఆ విద్య నేర్పు పని యేది? ఆ పనికి తనయందు అభిరుచి యున్నదా? దానికి ఎంత కాలము, ఎంత వ్యయము, ఎంత శ్రమ కావలెను? ఆ పట్టమునకు చట్టమును, ప్రభుత్వమును ఇచ్చు గుర్తింపు ఎట్టిది?

ఈ ప్రశ్నలను ఒక విద్యకు అన్వయించి చూచినచో విషయము విశదమగును. పేరు విన్నవారు కలరుగాని స్వరూపము నెరిగినవారు కొలదిమందియే యైన వాస్తుశిల్పవిద్యను ఇందుకు ఉదాహరణముగా గైకొనవచ్చును.

మొదటి ప్రశ్న, పనిని గూర్చినది. గోదావరి, కృష్ణా మండలములలో నేటికిని అక్కడక్కడ మండువా లోగిళ్ళు కానవచ్చును. ఇంటి నడుమ ఆకాశమునకు తెరచిన చతురస్రపు ఆవరణము, దాని చుట్టును వసారాలు, లోపలివైపునకు వాలిన పెంకుల కప్పు దాని లక్షణములు. వేసవి మధ్యాహ్నమున వీధిలో నిలువలేని యెండలో నడచివచ్చి ఆ లోగిలిలో అడుగిడినవానికి ప్రాణము లేచివచ్చును. వేడెక్కిన గాలి మండువానుండి పైకి పోవును. రాత్రి చల్లబడిన గాలి క్రిందికి దిగి నిలుచును. వసారాలు గోడలకు ఎండ తగులనీయవు. ఉత్తరాంధ్ర తీరమున జాలరుల చుట్టిండ్లు గుండ్రని మట్టిగోడలును, నేలవరకు దిగివచ్చు గడ్డికప్పును కలిగియుండును. తుపాను గాలికి ఎదురు నిలుచు బల్లపరుపు గోడ ఆ యింటికి లేదు. గాలి దాని చుట్టును జారిపోవును. వానలు తక్కువైన రాయలసీమలో మందమైన గోడలును, బల్లపరుపు మట్టిమిద్దెలును ఏర్పడినవి. ఈ యిండ్లను నిర్మించినవారు కళాశాలలలో చదివినవారు కారు. తరతరముల అనుభవమే వారికి గురువు.

నేడు పరిస్థితులు మారినవి. పట్టణములలో స్థలము కొరత, ఒకదానిపై నొకటిగా ఇండ్లు, క్రొత్త వస్తువులు, వేలమంది వచ్చిపోవు ఆసుపత్రులు, పాఠశాలలు, రైల్వేస్టేషనులు. వీనికి పాత అనుభవ మొక్కటియే చాలదు. ఒక భవనమున ఎవరు నివసింతురు, వారు ఎట్లు నడతురు, వెలుతురు ఎటనుండి రావలెను, గాలి ఎట్లు ఆడవలెను, అగ్నిప్రమాదమైనచో జనులు ఏ దారిన బయటపడవలెను అని ముందుగా ఆలోచించి, ఆ యాలోచనను పటములుగా గీచి, నమూనాలుగా చేసి, కట్టువారిచేత కట్టించువాడే వాస్తుశిల్పి.

కొందరు వాస్తుశిల్పిని సివిల్ ఇంజనీరుగా భావింతురు. ఇద్దరును కలసి పనిచేయువారే గాని వారి పనులు వేరు. గది యెక్కడ నుండవలెను, ఎంత యుండవలెను, ఎట్టి రూపమున నుండవలెను అనునది వాస్తుశిల్పి యాలోచన. ఆ గది కప్పు బరువును మోయుటకు స్తంభ మెంత లావుండవలెను, దానియం దెంత ఇనుము వేయవలెను అనునది ఇంజనీరు లెక్క. మరికొందరు, ఇంటి ద్వారము ఏ దిక్కున నుండవలెనో చెప్పు వాస్తు పండితుడును, వాస్తుశిల్పియు నొకడే యని తలంతురు. అదియు సరికాదు. కళాశాలలో నేర్పు వాస్తుశిల్పమునకు గణితము, భౌతికశాస్త్రము, చిత్రకళ, చరిత్ర ఆధారములు.

గణితము ఇందుల కెట్లు ఉపయోగపడునో ఒక చిన్న ఉదాహరణమువలన తెలియును. విజయవాడలో డిసెంబరు 21వ తేదీ మధ్యాహ్నమున సూర్యుడు దక్షిణ దిశయందు సుమారు 50 డిగ్రీల ఎత్తున నుండును. దక్షిణపు గోడకు 3 అడుగుల చూరు ఉన్నచో, దాని నీడ గోడపై సుమారు మూడున్నర అడుగుల క్రిందివరకు పడును. మే నెల తొలి దినములలో సూర్యుడు నడినెత్తికి వచ్చును గనుక ఆ మధ్యాహ్నము గోడ యంతయు నీడలో నుండును. కాని సాయంకాలమున సూర్యుడు పడమటి దిక్కున 10 డిగ్రీల ఎత్తునకు దిగినప్పుడు, పడమటి గోడకు అదే చూరు ఇచ్చు నీడ సుమారు అరయడుగు మాత్రమే. చూరు నెంత పెంచినను ఆ యెండను ఆపుట కష్టము. కావున పొడవైన గోడలను ఉత్తర దక్షిణములకును, పొట్టి గోడలను తూర్పు పడమరలకును ఉంచి, పడమటి వైపున కిటికీలను తగ్గించుట మంచిది. ఈ లెక్కకు పదవ తరగతిలో నేర్పు త్రికోణమితి చాలును. ఆ లెక్క చూడక కట్టిన యింటిలో ముసలివారును, పసిపిల్లలును వేసవి యంతయు ఉడికిపోవుదురు.

వాస్తుశిల్పి యొక్క ఆలోచన కొన్నివేళల ప్రాణములను కాపాడును. 1977 నవంబరు 19న దివిసీమపై విరుచుకుపడిన ఉప్పెనలో వేలాదిమంది మరణించిరి. ఆ తరువాత కోస్తా గ్రామములలో తుపాను రక్షణ గృహములను నిర్మించిరి. వానిలో పెక్కింటిని బలమైన స్తంభములపై ఎత్తుగా నిలిపిరి. ఉప్పెన నీరు క్రిందుగా పోవుచుండగా జనులు పైన క్షేమముగా నుండవచ్చును. ఇట్టి కట్టడములందు వాస్తుశిల్పి యాలోచనయు, ఇంజనీరు లెక్కయు కలసియుండును.

రెండవ ప్రశ్న, అభిరుచిని గూర్చినది. చిత్రములు మిగుల అందముగా గీయగలవారికి మాత్రమే ఈ విద్య తగునని పలువురి యభిప్రాయము. చేతికి కొంత నేర్పు అవసరమే. కాని అది అభ్యాసమున వచ్చును. అంతకంటె ముఖ్యమైనది చూచు అలవాటు. ఒక వస్తువును చూచినంతనే అది యెట్లు నిలిచినది, దాని భాగము లెట్లు కూడినవి, ఇంకొక విధముగా చేసిన నేమగును అని తలంచు మనస్సు కావలెను.

చార్లెస్ కొరియా 1930లో సికిందరాబాదున జన్మించెను. ఆయనకు బాల్యమున ఆటబొమ్మ రైళ్ళన్న మక్కువ. ఆ పట్టాల నెట్లు అమర్చవలెనో ఆలోచించి కాగితముపై గీచుకొనుచుండెడివాడు. ఆ బాలుడే పెరిగి అమెరికాలో వాస్తుశిల్పము నభ్యసించి వచ్చి, అహమ్మదాబాదులోని సబర్మతి ఆశ్రమమున గాంధీ స్మారక సంగ్రహాలయమును రూపొందించెను. 1963లో ప్రారంభమైన ఆ కట్టడమున ఆడంబరము లేదు. ఇటుక స్తంభములు, పెంకుల కప్పులు, గాజు లేని కిటికీలకు చెక్కపలకలు, నడుమ నీటి కొలను. అన్నియు ఆరు మీటర్ల కొలతగల చిన్న చిన్న చతురస్రముల కూర్పు. నిరాడంబరుడైన మహాత్ముని స్మారకమునకు ఇంతకంటె తగిన రూపము వేరొకటి తోపదు.

బాలకృష్ణ దోషి 1927లో పూనాలో జన్మించెను. వారిది కొయ్యసామాను చేయు కుటుంబము. ఆయన 1951లో పారిస్ నగరమునకు పోయి, లె కార్బూజియే అను ప్రసిద్ధ వాస్తుశిల్పి కడ పనిచేసెను. స్వదేశమునకు వచ్చి 1962లో అహమ్మదాబాదున వాస్తుశిల్ప విద్యాలయమును స్థాపించెను. ఇందూరు నగరమున అల్పాదాయ కుటుంబములకై ఆయన రూపొందించిన ఆరణ్య గృహవసతి మిక్కిలి పేరొందినది. అందు బీద కుటుంబములకు మొదట అరుగు, మరుగుదొడ్డి, ఒక గది మాత్రము కట్టి యిచ్చుట పద్ధతి. ధనము సమకూడిన కొలది ఆ కుటుంబమే మరియొక గదిని, మేడను చేర్చుకొనవచ్చును. బీదవాని శక్తి నెరిగి, అతని ఆశకును చోటు విడిచిన ప్రణాళిక యిది. 2018లో దోషికి ప్రిట్జ్‌కర్ బహుమానము లభించెను. ఆ గౌరవమును పొందిన తొలి భారతీయు డాయనయే.

ఈ విద్య బాలురకు మాత్రమే యనుటయు పొరపాటు. 1951లో చండీగఢ్ నగర నిర్మాణ కార్యమున చేరిన యూలీ చౌదరి అను మహిళ, తరువాతి కాలమున అచటనే ప్రధాన వాస్తుశిల్పి పదవి నలంకరించెను. నేడు వాస్తుశిల్ప కళాశాలలలో బాలికలు పెద్దసంఖ్యలో చదువుచున్నారు.

పొదుపు చేయు బుద్ధియు వాస్తుశిల్పికి అవసరము. ఇంగ్లండులో జన్మించి కేరళమున స్థిరపడిన లారీ బేకర్ ఇటుకలను పడుకోబెట్టక, అంచున నిలిపి, నడుమ ఖాళీ విడిచి గోడ కట్టు పద్ధతిని మన దేశమున వ్యాపింపజేసెను. అట్టి గోడకు ఇటుకలు దాదాపు నాలుగవ వంతు తక్కువ పట్టును. నడుమ నిలిచిన గాలి వెలుపలి వేడిని త్వరగా లోనికి రానీయదు. ఖర్చు తగ్గెను, ఇల్లును చల్లబడెను.

మూడవ ప్రశ్న, కాలమును, శ్రమను గూర్చినది. వాస్తుశిల్ప పట్టమునకు అయిదు సంవత్సరములు చదువవలెను. ఇంజనీరింగు చదివిన స్నేహితులు ఉద్యోగములలో చేరిన తరువాతను ఈ విద్యార్థికి ఇంకొక యేడు మిగిలియుండును. చదువులో ఎక్కువ భాగము స్టూడియో అను పనిగదిలో జరుగును. ఒక పాఠశాలకో, ఒక అంగడికో, పది కుటుంబముల వాడకో ప్రణాళికను రూపొందింపుమని ఆచార్యులు చెప్పుదురు. విద్యార్థి ఆ స్థలమునకు పోయి, కొలిచి, అచటివారితో మాటలాడి, పటములు గీచి, అట్టతో నమూనా చేసి, పెద్దల సమితి యెదుట నిలిచి తన యాలోచనను సమర్థించుకొనవలెను. రాత్రులు మేలుకొని చేసిన పనిని వారు తప్పుపట్టవచ్చును. మరల మొదటినుండి చేయుమనవచ్చును. దానిని అవమానముగా తలంచువారికి ఈ విద్య కష్టము. పాఠముగా గ్రహించువారికి ఇదియే నిజమైన శిక్షణ. దీనితోపాటు కట్టడపు పద్ధతులు, వాతావరణశాస్త్రము, వాస్తుశిల్ప చరిత్ర, వ్యయపు అంచనా మొదలగునవి చదువవలెను. కనీసము ఒక సెమిస్టరు కాలము అనుభవజ్ఞుడైన వాస్తుశిల్పి కడ పనిచేయవలెను. కాగితములు, అట్టలు, కంప్యూటరు మొదలగువానికి రుసుము కాక వేరుగా వ్యయమగును. పట్టము పొందిన తొలి సంవత్సరములలో ఆర్జన సాధారణముగా స్వల్పము. పేరు నిలుపుకొనుటకు ఓర్పు కావలెను. ఈ సంగతులను దాచక తల్లిదండ్రులతో ముందే చెప్పి, వారితో కలసి లెక్క చూచుకొనుట విద్యార్థి కర్తవ్యము.

నాలుగవ ప్రశ్న, గుర్తింపును గూర్చినది. మన దేశమున 1972లో వాస్తుశిల్పుల చట్టము ఏర్పడెను. ఆ చట్టము ననుసరించి వాస్తుశిల్ప మండలి వెలసినది. మండలి గుర్తించిన పట్టమును పొంది, దాని పట్టికలో పేరు నమోదు చేయించుకొన్నవారు మాత్రమే తమను 'ఆర్కిటెక్టు' అని చెప్పుకొనవచ్చును. కావున కళాశాలలో చేరుటకు ముందు దానికి మండలి గుర్తింపు కలదో లేదో స్వయముగా విచారించుట మిక్కిలి ముఖ్యము. పెద్ద భవనమును, అందమైన ప్రకటనను చూచి చేరి, గుర్తింపు లేదని పిదప తెలిసికొన్నచో అయిదేండ్ల శ్రమ వృథా యగును.

ఈ విద్యలో ప్రవేశింపగోరువారు గణితము, భౌతికశాస్త్రము గల ఇంటర్మీడియట్‌ను గాని, గణితము గల మూడేండ్ల డిప్లొమాను గాని ముగింపవలెను. 2006 నుండి వాస్తుశిల్ప మండలి 'నాటా' అను ప్రవేశపరీక్షను నడుపుచున్నది. అది గీయు నేర్పును, ఆకారములను మనస్సున త్రిప్పి చూచు శక్తిని, తర్కమును పరీక్షించును. జాతీయ సాంకేతిక విద్యాసంస్థలలోను, కేంద్రప్రభుత్వపు ప్రణాళికా వాస్తుశిల్ప విద్యాలయములలోను చేరుటకు జె.ఇ.ఇ. మెయిన్ పరీక్షయందలి రెండవ పత్రము వ్రాయవలెను. అందు గణితము, అభిరుచి పరీక్ష, చిత్రలేఖనము ఉండును. ఖరగ్‌పూర్, రూర్కీ ఐ.ఐ.టి.లలో చేరగోరువారు జె.ఇ.ఇ. అడ్వాన్సుడులో ఉత్తీర్ణులై, ప్రత్యేకమైన అభిరుచి పరీక్షను కూడ దాటవలెను. తెలుగునాట విజయవాడలో 2008లో స్థాపితమైన ప్రణాళికా వాస్తుశిల్ప విద్యాలయమును, హైదరాబాదులో జవహర్‌లాల్ నెహ్రూ వాస్తుశిల్ప లలితకళా విశ్వవిద్యాలయమును, విశాఖపట్టణమున ఆంధ్ర విశ్వకళాపరిషత్తును ఈ విద్యను నేర్పుచున్నవి. ప్రవేశ నియమములు అప్పుడప్పుడు మారుచుండును గాన ఆ సంవత్సరపు ప్రకటనను చదివియే దరఖాస్తు చేయవలెను.

పరీక్ష ఇంకను నాలుగేండ్ల దూరమున నున్నది గదా యని ఊరకుండ నక్కరలేదు. ఇప్పటినుండి చేయదగిన పని కలదు. దానికి ధన మక్కరలేదు. గీతలు లేని నోటుపుస్తక మొకటి యుంచుకొని, దినమున కొక వస్తువును చూచి గీయవచ్చును: బావిగిలక, ఎద్దుబండి చక్రము, బస్సు ఆగు చోటు, గుడి గోపురము, మసీదు మినారు. టేపుతో తరగతిగదిని కొలిచి పటము గీయవచ్చును. గది 8 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు ఉన్నచో, నూరింట నొకటవ వంతు కొలతలో అది కాగితముపై 8 సెంటీమీటర్లు, 6 సెంటీమీటర్లుగా నిలుచును. తలుపులు, కిటికీలు, బల్లలు సరియైన చోట గుర్తించిన తరువాత, వెనుక బల్లపై కూర్చున్నవానికి నల్లబల్ల ఏల కనబడదో ఆ పటమే చెప్పును. పెరటిలో కర్ర నొకటి పాతి, గంట గంటకు దాని నీడకొనను గుర్తించి, ఋతువు మారినప్పుడు మరల చూడవచ్చును. ఊరిలో ఇల్లు కట్టుచున్నచో, మేస్త్రి యనుమతితో దూరముగా నిలిచి, అతడు దారమునకు గుండు కట్టి గోడ నిలువును ఎట్లు చూచునో, రసమట్టముతో నేల సమతలము నెట్లు తెలిసికొనునో గమనింపవచ్చును. ఆ మేస్త్రికి పట్టము లేకపోవచ్చును గాని, అతని చేతిలో నున్న విద్య నిక్కమైనది.

ఒక సంవత్సరము ఇట్లు చేసిన తరువాత విద్యార్థికి తన మనస్సు తనకే తెలియును. నోటుపుస్తకము నిండుచు, మరియొకటి కావలె ననిపించినచో అది శుభసూచన. పది పుటలకే విసుగు పుట్టినచో అదియు నష్టము కాదు. అయిదేండ్లు పోగొట్టుకొని తెలిసికొనవలసిన సత్యము ఒక నోటుపుస్తకపు వెలకే తెలిసినది గదా! మట్టిని, పైరును చూచుటయందు ఆనందము గలవానికి వ్యవసాయశాస్త్రము కలదు; రోగికి సేవ చేయ నిష్టపడువారికి వైద్యమును, నర్సింగును కలవు; లెక్కలయందు, భాషయందు, చరిత్రయందు ప్రీతి గలవారికి వారివారి మార్గములు కలవు. నగరముల వీథులను, నీటివసతిని, వాడలను తీర్చిదిద్దుటయందు ఆసక్తి గలవారికి ప్రణాళికాశాస్త్రమున నాలుగేండ్ల పట్టము కలదు. ఏ విద్యను గూర్చి యైనను ఆ నాలుగు ప్రశ్నలే వేసికొనవలెను. ఆ పని చేయువారిని స్వయముగా చూచి, వారి నడిగి తెలిసికొనవలెను.

రెండేండ్లకు వేసవి వచ్చును. బంధువులు వత్తురు. "పిల్లవానిని ఏమి చదివింతురు?" అని తల్లిదండ్రుల నడుగుదురు. ఆనాడు తల్లిదండ్రులకు బదులుగా ఆ బాలుడో, ఆ బాలికయో తన నోటుపుస్తకమును తెచ్చి చూపి, తాను చదువగోరునదేదో, ఏల చదువగోరుచున్నదో వినయముతో చెప్పగలిగినచో, ఆ యింటివారి కలత సగము తీరును.